నభోవీరుడు చూపిన చోటు

తోలుబొమ్మల వెంకోజీని ఎవరైనా ఏదైనా అడిగితే చేతిలో పని ఆపేవాడు కాదు, తలెత్తేవాడూ కాదు. మేకతోలు మీద వెంట్రుకలు గీకుతూనో, ఉలితో చిల్లులు కొడుతూనో "ఊఁ" అనేవాడు. ఆ ఊఁకు ఔనని అర్థమా, కాదనా, విన్నాను పొమ్మనా అన్నది ఆయన మేళంలో పుట్టి పెరిగినవాళ్ళకే అంతుపట్టేది కాదు. ఇక బయటినుంచి వచ్చి చేరిన కుళ్ళాయప్పకు ఏం తెలుస్తుంది?

కుళ్ళాయప్ప గుత్తి దగ్గరివాడు. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాడు. ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరగాల్సిన వయసులో బొమ్మలాట చూసి మనసు పారేసుకున్నాడు, వచ్చి వెంకోజీకి శిష్యుడయ్యాడు. గ్రహాలు దాటే నౌకలు, రాబోయే యుగాలు, కాలంలో ముందుకీ వెనక్కీ పోయే యంత్రాలు ఉన్న కథలంటే అతనికి చెప్పలేనంత పిచ్చి. అలాంటి కథను తెరమీద ఆడించాలని అతని కోరిక. ఒకనాడు ధైర్యం చేసి గురువును అడిగాడు.

"గురువుగారూ, దేవుళ్ళను ఆడిస్తే జనం దండం పెట్టుకుని ఇంటికి పోతారు. తప్పులు చేసిన వీరుణ్ణి ఆడిస్తే అట్ల కాదు గదా? వాని లోపం కళ్ళెదుటే ఉంటాది. ఆలోచన చేస్తారు. లోపముండేవాణ్ణి గుడ్డిగా నమ్మి ఎవరైనా చెడిపోతారా?"

వెంకోజీ ఊఁ అన్నాడు. తోలు తిరగేసి ఇంకోపక్క గీకడం మొదలుపెట్టాక, "ఆడించు, చూద్దాం" అన్నాడు. శిష్యుడు దాన్ని అనుమతి అనుకున్నాడు గాని, అది జవాబుకు మొదలని అప్పుడు అతనికి తట్టలేదు.

కుళ్ళాయప్ప అల్లుకున్న కథలో వీరుడి పేరు నభోవీరుడు. ఎన్నో యుగాల తర్వాత, చుక్కల నడుమ ఎక్కడో ఉండబోయే లోకం అతనిది. నేల లోపలికి చూడగల గాజుకన్ను అతనికి ఒకటి ఉంటుంది. ఆ కన్నును నమ్మి అతని లోకంవాళ్ళు అతను చూపిన చోటల్లా తవ్వారు, నీళ్ళు తోడారు, ఆఖరికి లోకమంతా ఎండగొట్టుకున్నారు. అప్పుడు నభోవీరుడు నౌక ఎక్కి, కాలాన్ని ఈదుకుంటూ మన భూమి మీదికి వచ్చి పడతాడు. చేసినదానికి కుమిలి కుమిలి ఒక పాట పాడతాడు. పాట అయ్యాక చెయ్యి చాచి, "ఈ నేల అడుగున ఒక నది నిద్రపోతోంది. ఈసారి నేను పొరబడను" అంటాడు. కథ అక్కడితో సరి.

బొమ్మ చేయడంలోనే ఒక చిక్కు వచ్చింది. దొరికిన మేకతోలు చిన్నది. కుళ్ళాయప్పేమో వీరుణ్ణి నిలువెత్తున గీశాడు. ఎలా తిప్పి పరిచినా కుడిచేతికి తోలు చాలలేదు. చివరికి మేక ముందుకాలి తోలు ఎటు సాగి ఉందో అటే ఆ చెయ్యిని చాచి గీయాల్సి వచ్చింది. మేళంలో బొమ్మలు చేసేవాళ్ళకు ఇది మామూలే. తోలు ఎంత ఉంటే అంతే వీరుడు. అలా నభోవీరుడి కుడిచెయ్యి ఎప్పుడూ ఒకే దిక్కుకు చూపిస్తూ ఉండిపోయింది. ఆ చెయ్యే బొమ్మకు అందం తెచ్చిందని అందరూ అన్నారు, కుళ్ళాయప్ప కూడా కొన్నాళ్ళకు దాన్ని తానే ఆలోచించి పెట్టినట్టు చెప్పుకోసాగాడు.

ఇంకొక సంగతి. వెంకోజీ మేళంలో తిక్కలోడు అని ఒక హాస్యపు బొమ్మ ఉంది. బానపొట్ట, వంకర మూతి, ఎగిరిపడే పిలక. కథ ఏదైనా, వీరుడు ఎంతటివాడైనా, నడుమ తిక్కలోడు దూరి ఒక పిచ్చి ప్రశ్న వేసి పోవడం తాతలనాటి ఆనవాయితీ. వీరుడు జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే జనం నవ్వుతారు, ఆ నవ్వును వీరుడు భరించాలి. కుళ్ళాయప్పకు ఇది సుతరామూ నచ్చలేదు. "వాడు ఏడ్చేచోట వీడొచ్చి కూస్తే కథ నాశనమైపోతాది గురువుగారూ" అన్నాడు. "కథ నీది, నీ ఇష్టం" అన్నాడు వెంకోజీ, తిక్కలోడు బుట్టలోనే ఉండిపోయాడు. ఇది ఎంతదూరం పోతుందో ముసలాయనకు ముందే తెలుసో లేదో నేను చెప్పలేను. తెలిసే ఊరుకున్నాడంటే మాత్రం ఆయన మీద నాకు కొంచెం కోపమే.

వానలు మొగం చాటేసిన యేడాది ఊళ్ళవాళ్ళు మేళాన్ని పిలిచి ఆడించుకోవడం ఆ సీమలో వాడుక. బొమ్మలు ఆడితే మబ్బు కదులుతుందని పెద్దల నమ్మకం. ఆ యేడు ఎర్రబండపల్లివాళ్ళు పిలిచారు. మేళం బడి వరండాలో దిగింది. ఊరి బయట బీడులో తెర కట్టారు. ఆ బీడు పక్కనే మారెక్క చీనీ తోట, బత్తాయిని ఆ సీమలో చీనీ అంటారు.

మారెక్కకు మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ తోటే. చెట్లు కాపుకొచ్చే వేళకు బోరు వట్టిపోతూ వచ్చింది, కాసేపు పోసి ఆయాసపడి ఆగిపోయేది. ఆ కాసిని నీళ్ళనే కాలువ కాలువకూ మళ్ళించి, చాలని చెట్లకు బిందెతో మోసి పోసి ప్రాణం నిలుపుతోంది. ఏ చెట్టు ఎంత తాగుతుందో, ఏది ఎప్పుడు ఆకు ముడుచుకుంటుందో ఆమెకు కంఠతా వచ్చు. చెట్లను తిడుతుంది కూడా. మూలనున్న చెట్టు ఒకటి తాగుబోతుదని దానిమీద ఆమెకు ప్రత్యేకంగా గుర్రు.

ఆ సాయంత్రం చీకటి పడీ పడగానే ఆట మొదలైంది. పాత కథకు ముందు కుళ్ళాయప్ప కథ. నభోవీరుణ్ణి ఈతముల్లుతో తెరకు గుచ్చి, వెనక నిలబడి తనే గొంతిచ్చాడు. నిజం చెప్పాలంటే బాగా పాడాడు. తన లోకం ఎండిపోయిందని వీరుడు ఏడుస్తుంటే, నెర్రెలిచ్చిన నేలమీద కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు ఒత్తుకున్నారు. ఏడ్చినవాళ్ళలో మారెక్క అందరికంటే ముందు వరసలో ఉంది. చివర వీరుడు చెయ్యి చాచి నది నిద్రపోతోందన్నప్పుడు, తెరమీద ఆ చేతినీడ తోటవైపుకు, తోట దాటి గుట్టవారకు చూపించింది. తెర అటు తిప్పి కట్టారు గనక అటు చూపించింది. ఇటు తిప్పి కట్టి ఉంటే శ్మశానంవైపు చూపించేది.

మర్నాడు పొద్దున కుళ్ళాయప్ప పళ్ళు తోముకుంటూ ఉంటే గొడ్డలి చప్పుడు వినిపించింది. ఎవరో కట్టెలు కొడుతున్నారనుకున్నాడు. నీళ్ళకు వచ్చిన ఆవిడ చెప్పింది, మారెక్క గుట్టవారన బోరు వేయిస్తోందని. నభోవీరుడు చూపిన చోటట. అక్కడికి బోరు బండి పోవాలంటే ఒకపక్క వాగువంక, ఒకపక్క బండరాళ్ళు, దారి తోట నడిమధ్యనుంచే తీయాలి. రేపు బండి వస్తుంది. అందుకని చెట్లు కొట్టిస్తోంది. కుళ్ళాయప్ప నోరు పుక్కిలించను కూడా లేదు, అలాగే పరుగెత్తాడు.

అతను చేరేసరికి ఒక సాలు, అంటే ఒక వరస చెట్లు నేలమీద ఉన్నాయి. పచ్చి ఆకు వాసన ఘుమ్మని కొడుతోంది. కూలీలు గొడ్డళ్ళు పక్కన పెట్టి సంగటి తింటున్నారు, రెండో సాలు రేపు బండి వచ్చేలోపు కొడతారట. మారెక్క పడిపోయిన చెట్ల మధ్య నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"అక్కా, నిలిపేయించు. అది కథక్కా. నేను అల్లిన కథ."

"తెలుసు నాయనా. బాగ అల్లినావు."

"నీళ్ళుండే సంగతి నాకేమీ తెలీదు. ఆ చెయ్యి అటు చాపింది తోలు చాలక. మేకకాలి తోలక్కా అది."

"అమ్మవారు పూనినప్పుడు మాట్లాడే నోరు ఎవరిది? మనిషిదే గదా. ఆ మనిషికేమన్నా తెలుస్తాదా?" అని మారెక్క అతన్ని జాలిగా చూసింది. "నువ్వు చెప్పినావని చేస్తాండ్లేదులే. ఆయప్ప, నీ నభోవీరుడు చెప్పినాడు."

"ఆయప్ప మాట నమ్మి ఒక లోకమే ఎండిపోయింది. పాటలో విన్యావు గదక్కా."

"విన్యాను. అందుకే నమ్మినా." ఆమె పమిటతో మొగం తుడుచుకుంది. "మా ఊరికి నీళ్ళు చూపేటోళ్ళు ఎంతోమంది వచ్చినారు. కొబ్బరికాయ పట్టుకోనొచ్చినోడు, వేపపుల్ల పట్టుకోనొచ్చినోడు. ఒక్కడన్నా తప్పయిందని ఏడ్చినాడా? ఈయప్ప ఏడ్చినాడు. అంత ఏడ్చినోడు మళ్ళా ఆ తప్పు చేస్తాడా?"

కుళ్ళాయప్ప వెనక్కి తిరిగాడు. వీరుడికి లోపం పెట్టింది జనం నమ్మకూడదని. ఆమె ఆ లోపాన్ని చూసే నమ్మింది. ఇంకా సిగ్గుచేటు సంగతి ఏమిటంటే, తిరిగి వస్తూ అతను గుట్టవారకేసి ఒకసారి చూశాడు. అక్కడ బండల మధ్య కాస్త పచ్చగడ్డి కనిపించింది. ఒకవేళ నిజంగానే నీళ్ళుంటే, అన్న ఆలోచన మనసులో దూరింది. మేకకాలి తోలు సంగతి తెలిసినవాడికే ఆ ఆశ పుట్టింది. తనమీద తనకే అసహ్యం వేసి అడుగులు గబగబా వేశాడు.

వెంకోజీ వరండాలో కూర్చుని నానిన తోలు గీకుతున్నాడు. శిష్యుడు జరిగిందంతా చెప్పాడు. "సాయంత్రం మళ్ళా ఆడిస్తా గురువుగారూ. నభోవీరునితోనే చెప్పిస్తా, అక్కడ తవ్వద్దని. వాని మాటైతే వింటాది."

"వింటాది" అన్నాడు వెంకోజీ. "వాడు తవ్వమంటే తవ్వి, వద్దంటే మానుకుంటే, రేపు ఇంకోడెవడో ఇంకోటి చెప్పేదాకా తోట ఉంటాది. అంతేనా?"

"మరేం చేయాల?"

వెంకోజీ ఆ తోలు గీకడం పూర్తయ్యాకే లేచి, చేతులు కడుక్కుని, బుట్ట మూత తీసి తిక్కలోణ్ణి బయటికి తీశాడు. పిలక దారం పురివిప్పి ఉంటే నెమ్మదిగా బిగించి కట్టాడు. "నువ్వు నీ కథే ఆడించు. ఒక్క మాట మార్చద్దు" అన్నాడు.

ఆ సాయంత్రం మళ్ళీ తెర లేచింది. బీడు నిండా జనం. నభోవీరుడి మాట మళ్ళీ వినాలని పక్క పల్లెలవాళ్ళు కూడా వచ్చారు. కొందరు వీరుడికి కొట్టడానికి కొబ్బరికాయలు తెచ్చారు. అది చూసి కుళ్ళాయప్ప వీరుడి నోట తవ్వద్దని అనిపించేద్దామా అనుకున్నాడు. అయినా ఒక్క మాట మార్చకుండా ఆడించాడు. పాట వచ్చింది. జనం మళ్ళీ కళ్ళు ఒత్తుకున్నారు. వీరుడు చెయ్యి చాచబోయే ముందు, తెరకు ఆ పక్కనుంచి చెక్కల చప్పుడుతో పొట్ట ఊపుకుంటూ తిక్కలోడు దూకాడు. గొంతు వెంకోజీది. పిల్లలు కిలకిలమన్నారు.

"ఏం సామీ, ఏడుస్తాండావు?"

"నా లోకం ఎండిపోయింది" అన్నాడు నభోవీరుడు.

"పాపం, పెద్ద కష్టమే. మరి ఇంతదూరం యాట్ల వచ్చినావు?"

"నా నౌకలో వచ్చాను."

"నౌక బాగుంది సామీ, మెరుస్తాంది. అంత దాంట్లో ఎంతమంది పడతారు?"

"నేనొక్కణ్ణే."

జనంలో ఎవరో నవ్వారు. తిక్కలోడు పిలక గోక్కున్నాడు. గోక్కోవడంలో ఏ తొందరా లేదు.

"అట్లనా. నువ్వైతే వస్తివి. నువ్వు చూపిన చోటల్లా తవ్వినోళ్ళు ఏమైరి?"

తెర వెనక కుళ్ళాయప్ప నోరు తెరిచాడు. ఆ జవాబు అతను రాసుకోలేదు. ఎన్నెన్ని సాయంత్రాలో కూర్చుని వీరుడి కన్ను గురించి, నౌక గురించి, కాలం గురించి, కన్నీళ్ళ గురించి ఆలోచించాడు గాని, ఆ లోకంలో మిగిలిపోయినవాళ్ళు ఏమయ్యారో ఒక్క పూట కూడా ఆలోచించలేదు. హార్మోణియం వాయించే ఆమె అతనికేసి చూసింది. వెంకోజీ చూడలేదు. తిక్కలోణ్ణి తెరకు ఆనించి పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఆదుకుంటాడేమోనని శిష్యుడు ఎదురుచూశాడు. ఆయన ఆదుకోలేదు.

జనంలోనుంచి మారెక్క గొంతు వచ్చింది. "చెప్పు సామీ. ఏమైపోయిరి వాళ్ళు?"

"తెలీదు" అన్నాడు నభోవీరుడు. అది వీరుడి గంభీరమైన గొంతు కాదు, గుత్తి కుళ్ళాయప్ప గొంతే. "నేను వెనక్కి తిరిగి చూళ్ళేదు."

ఎవరూ నవ్వలేదు. తిక్కలోడు ఇంకేమీ అడగలేదు, వచ్చినవాడు వచ్చినట్టే పోయాడు. తెరమీద వీరుడు ఒంటరిగా, చెయ్యి అటే చాచి ఉండిపోయాడు. మారెక్క లేచింది. వరసల మధ్యనుంచి దారి చేసుకుని తోటలోకి నడిచింది. కాసేపటికి బోరు మోటారు చప్పుడు వినిపించింది. ఆ పూట కరెంటు వచ్చే వేళ అది. చెట్లకు నీళ్ళు పెట్టుకోవాలి.

మర్నాడు బోరు బండి వచ్చింది. మారెక్క ఊరిమొదట్లోనే దాన్ని ఆపి వెనక్కి పంపేసింది. బండివాడు విసుక్కున్నాడు, ఆమెకు పిచ్చన్నాడు. ఆమె తోటకు తిరిగి నడిచింది. కుళ్ళాయప్ప వెళ్ళి, కొట్టేసిన కొమ్మల్ని గట్టుమీదికి లాగడంలో సాయం చేశాడు. పని అయ్యాక మారెక్క, "పోయిన సాలు పోయె నాయనా. నీమీద కోపమేం లేదు. నా చెట్ల గురించి ఇంకొకరిని అడగడమే నా తప్పు" అంది. కోపం లేదన్న ఆ మాట అతనికి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. నరికిన మొదళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. గుట్టవారన నీళ్ళున్నాయో లేవో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

మేళం ఆ ఊరు విడిచే పూట కుళ్ళాయప్ప నభోవీరుడి బొమ్మను చేతిలో పట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు. మేళంలో పనికిరాకుండా పోయిన బొమ్మల్ని ఏట్లో వదిలేస్తారు. "వీణ్ణి ఏట్లో వదిలేస్తా గురువుగారూ" అన్నాడు.

వెంకోజీ తోలు గీకుతూనే ఉన్నాడు. "ఏంటికి? మంచి బొమ్మ. పాట కూడా మంచిదే. ఉండనీ."

"ఉండనిచ్చి ఏం చేయాల? లోపముండేవాణ్ణి ఎవరూ నమ్మరనుకుంటి. ఏడిపించి నేనే నమ్మించినా."

"ఏడవనీ. ఏడ్చేటప్పుడు మాత్రం వాణ్ణి తెరమీద కొంచెం పక్కకు జరుపు" అన్నాడు వెంకోజీ. "వెనకాల ఉండేవాళ్ళు కనపడాల గదా."

కుళ్ళాయప్ప చేతిలోని బొమ్మకేసి చూశాడు. "వెనకాల ఎవరూ లేరు గురువుగారూ. ఆ బొమ్మలు నేను చేయనే లేదు."

వెంకోజీ అప్పుడు చేతిలో పని ఆపాడు. తలెత్తి శిష్యుణ్ణి చూశాడు. గీకి శుభ్రం చేసిన తోలును అతని చేతిలో పెట్టి, "ఊఁ" అన్నాడు. "చాలా మంది ఉంటారు. ఇంకా తోళ్ళు కావాల."